వెనక్కి పిలిచిన బండ్లు

జూబ్లీ హిల్స్,
12 జూన్ 2000

బిడ్డా హిమజా,

గీడ నేను మంచిగనే ఉన్న. మోతీనగర్‌ల మీ అమ్మ గూడ మంచిగనే ఉంది, మోకాలి నొప్పి ఒక్కటి తప్ప. ఇగ నువ్వు యాళ్లకు తింటున్నవని తెలిస్తే మాకు వేరే ఫికర్ లేదు.

నిన్న ఆదివారం ఎస్టీడీ బూతుకు పోయి మీ హాస్టల్‌కు ఫోన్ కొట్టిన. ఎవరో ఆమె ఎత్తి, నాకు రాని భాషల ఏదో చెప్పి, ఫోన్ పక్కకు వెట్టి పోయింది. గాడ ఎర్ర అంకెలు ఉరుకుతున్నయి. నువ్వు రావు. ఆ అంకెలను చూస్తుంటే ఏం మాట్లాడాల్నో గూడ మర్చిపోయి పెట్టేసిన. సార్ ఇంటి ఫోన్‌కు నువ్వు చేసుడు బాగుండదు. మనిద్దరికీ ఉత్తరమే మంచిది.

అసలు ముచ్చట ఇను. మా చలపతిరావు సార్ కొత్త కారు కొన్నడు. మీ కంపెనీదే, తెల్లది. సినిమాలు తీసేటాయన గదా, ఆయనకు బండి గూడ హీరో లెక్క ఉండాలె. షోరూమ్‌ల నిలబడి, "ఏంటి నర్సింహా, మీ మేనకోడలు పనిచేసే కంపెనీయేగా? నమ్మొచ్చా?" అని అడిగిండు. "సార్, చక్రాలు బిగిచ్చే కాడ నిలబడి చూసేదే మా పిల్ల" అన్న. ఇంకో మాట లేకుండ చెక్కు రాసిండు. కొబ్బరికాయ నాతోనే కొట్టిచ్చిండు. నిమ్మకాయలు తొక్కిచ్చుకుంట బండి బయటికి తీస్తుంటే, నిన్ను భుజాల మీద కూసోబెట్టుకొని తిరిగినట్టే అనిపిచ్చింది.

మా ఇంటికాడి నుంచి ఫిల్మ్ నగర్ దిగే సడక్ నీకు ఎరికే గదా, రాయి పగలగొట్టి ఏసిన దిగుడు. పాత బండి గాడ మూలిగేది. ఇది సప్పుడే చెయ్యది. సార్ కొడుకు బాబీ బాబు ఎప్పుడు చాబి దొరుకుతదా అని చూస్తుంటడు. పాపం, ఆయన పరేషాన్ ఆయనది. సార్ ఏమో కొడుకును హీరోను చేస్త అని డాన్సు మాస్టర్‌ను పెట్టిండు. ఆయన ఏమో కంప్యూటర్ కోర్సుకు పోత అంటడు. ఊరంత కంప్యూటర్ పిచ్చే ఉన్నది.

అక్క నీకు ఒక సంబంధం జూసింది. పిలగాడు మాదాపూర్‌ల సాఫ్ట్‌వేర్. పిల్ల మేనమామ ఏం చేస్తడని అడిగితే, "ఫిల్మ్ లైన్‌ల ఉన్నడు" అని చెప్పిందంట. నాకైతే శాన నవ్వొచ్చింది. నీ మాట ఏందో రాయి.

గ్యారేజీ మీది అర్ర నుంచి,
నీ మామ నర్సింహ


బాచనపాళ్యం,
27 జూన్ 2000

మామా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతూ. రెండోసారి కాదు.

ఇక్కడ నిన్న పొద్దున్న లైన్ ఆగిపోయింది. లైన్ అంటే కార్లు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ వచ్చే దారి అని ఇదివరకు చెప్పాను కదా. అది ఆగితే ఫ్యాక్టరీలో పిచ్చుకల అరుపులు కూడా వినిపిస్తాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు. సగం బిగించిన కార్లు ఎక్కడివక్కడే నిలబడ్డాయి. కాంట్రాక్టు వాళ్లు కింద కూర్చుని మా ముఖాలు చూస్తున్నారు. చక్రాలు బిగించే దగ్గర భిక్షం అని మన నల్లగొండ మనిషి ఉన్నాడు. "మేడం, ఎప్పుడు మొదలైతది?" అని పొద్దుటి నుంచి అడుగుతున్నాడు. లైన్ ఆగితే వాళ్లకు కూలి లేదు. నాకు తెలియదని చెప్పాను. తెలుసు. చెప్పకూడదు.

నీకు కూడా రాయకూడదు. అందరి సెలవులూ రద్దు చేశారు. గేటు దాటాలంటే పాసు కావాలి. హాస్టల్ ఫోన్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు.

కాబట్టి నేను చెప్పేది కారణం అడగకుండా చెయ్యి. ఆ కొత్త బండి నువ్వు నడపకు. పాత బండి నడుపుతానని సార్‌ను అడుగు. ఒప్పుకోకపోతే కొన్నాళ్లు డ్రైవింగే మానెయ్. అమ్మ దగ్గరికి పోయి ఉండు. ఆ సంబంధం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు ఈ పని నుంచి బయటికి రా.

అమ్మను మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకోమను.

హిమజ


జూబ్లీ హిల్స్,
6 జూలై 2000

హిమజకు,

ఉత్తరం అందింది. అక్కకు సదివి ఇనిపిచ్చిన. ఆమె లేచి పోయి బియ్యం ఏరుకుంట కూసున్నది.

డ్రైవింగ్ మానెయ్ అన్నవ్. సంబంధం సంగతి తర్వాత అన్నవ్. రెండు ఒక్క తాననే రాసినవ్. నాకు పెద్ద సదువు రాదు గని, ఒకదాని ఎనక ఒకటి ఎందుకు రాస్తరో ఎరికే. పిలగాని తరపోళ్లు వచ్చినప్పుడు మేనమామ తెల్ల డ్రెస్సుల స్టీరింగ్ ముంగట ఉంటే నీకు చిన్నతనం అయితది. గంతే గదా. సూటిగ రాయొచ్చు గద బిడ్డా. కారణం అడగకు అని ఎందుకు? అక్క ఉత్తరం ఇన్న తెల్లారే వాళ్ల ఇంటికి పోయి, "మా తమ్ముడు డ్రైవర్. ఫిల్మ్ లైన్ గాదు" అని చెప్పి వచ్చింది. వాళ్లు మల్ల కబురు చెయ్యలే.

పని నుంచి బయటికి రా అన్నవ్. వచ్చి యాడ ఉండాలె? నౌకరీ ఇడిస్తే ఈ అర్ర గూడ పోతది. అక్క ఉన్నది ఒక్క అర్రల, గదాంట్లనే కుట్టు మిషన్. నేను తలుపు కాడ పండాలె.

మీ ఫ్యాక్టరీ బంద్ అయితున్నట్టున్నది, గది చెప్పనీకి నీకు మనసు ఒప్పుతలేదు. నా చిన్నప్పుడు మా ఊరి మిల్లు గూడ గిట్లనే మొదలు సప్పుడు ఆగింది. తర్వాత గేటుకు తాళం పడ్డది. నువ్వు బుగులు పడకు. అమీర్‌పేటకు పోయి అడిగిన. గోడలన్ని కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఇంజనీరింగ్ చేసిన పిల్ల అంటే, "ఇప్పుడే పంపండి అంకుల్" అన్నరు. వచ్చెయ్.

బండి మంచిగ నడుస్తున్నది. నేనే నడుపుతున్న.

నర్సింహ


బాచనపాళ్యం,
15 జూలై 2000

మామా,

నువ్వు చిన్నతనం అనే మాట ఎలా రాశావు? నన్ను కాలేజీలో దింపడానికి సార్ కారులో వచ్చినప్పుడు నేను ముందు సీట్లో నీ పక్కన కూర్చున్నానా, వెనక కూర్చున్నానా? అంతే. ఇంకేం రాయను దాని గురించి.

ఈ ఉత్తరం నా రూమ్మేట్ పద్మప్రియ చేతికిచ్చి పంపుతున్నాను. తనకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోతోంది. గేటు దగ్గర తన పెట్టె మొత్తం తీసి చూస్తారట. అందుకే ఇది తన జడకుచ్చుల డబ్బాలో పెట్టాం. అన్నీ విడమరిచి చెబుతున్నాను, విను.

చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. అవి మేము చెయ్యం, బయట కంపెనీ నుంచి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన వాటిలో కొన్నింటి ఉక్కును సరిగా కాల్చి చల్లార్చలేదు. చూడటానికి బాగుంటాయి, బిగిస్తే బిగుస్తాయి. కానీ లోపల పెళుసు. కొన్నాళ్లు తిరిగాక పుటుక్కున విరుగుతాయి. ఒకటి విరిగితే మిగతావాటి మీద బరువు పడి అవీ పోతాయి. ఇక్కడ పరీక్ష ట్రాక్ మీద తిప్పుతున్న బండికి చక్రం ఊడిపోయింది. అందుకే లైన్ ఆపారు. మంచివీ చెడ్డవీ ఒకే తొట్టెలో కలిశాయి. ఏ బండికి ఏవి పడ్డాయో ఎవరికీ తెలియదు.

రోడ్ల మీద ఉన్న బండ్లను వెనక్కి పిలిచి బోల్టులు మార్చాలి. మారుస్తారు. కానీ ఎన్ని పిలవాలో పెద్దవాళ్లు తేల్చుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మా మేనేజర్ రఘునందన్ గారు మాతో కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి.

హైదరాబాద్ పంపిన బండ్ల పట్టీ చూశాను, మీ బండి మేలో తయారైంది. ఫిల్మ్ నగర్ దిగుడు తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. సార్‌కు ఎలాగో చెప్పు. నా పేరు మాత్రం రానియ్యకు.

నీ ముందు సీటు పిల్ల,
హిమజ


జూబ్లీ హిల్స్,
24 జూలై 2000

నా బిడ్డకు,

ఆ పిల్ల పద్మప్రియ మోతీనగర్‌కు ఎతుక్కుంట వచ్చి ఇచ్చి పోయింది. సదివినంక నేను నీకు రాసిన పాత ఉత్తరం ఎనుకకు తెచ్చుకునే తొవ్వ ఉంటే బాగుండు అనిపిచ్చింది. దాన్ని చింపెయ్.

సార్‌కు చెప్పిన. డ్రైవర్లు అనుకుంటున్నరు సార్, గీ బండ్ల బోల్టులు బాగ లేవంట అన్న. ఆయన మంచిగనే ఇన్నడు, బండి షోరూమ్‌కు పంపిండు. గాడోళ్లు చక్రాలు తట్టి చూసిన్రు, నట్లు ఇంకింత బిగిచ్చిన్రు, ఏం లేదన్నరు. వాళ్లకు పైనుంచి ఏం చెప్పలేదు గదా, వాళ్లదేం తప్పు? బయట మెకానిక్ తోటి బోల్టులు మార్పిద్దాం సార్ అన్న. కొత్త బండి, బయటోడు చెయ్యి పెడితే వారంటీ పోతదన్నడు.

రెండోసారి అడిగిన. అప్పుడు గుస్స చేసిండు. "సినిమా విడుదల పెట్టుకుని, నా బండి వెనక్కి పంపమంటావేంటి? బాక్సులు వెనక్కి వచ్చినట్టు ఉంటుంది" అన్నడు. నీకు సమజ్ గాకపోవచ్చు. సినిమా ఆడకపోతే టాకీసుల నుంచి రీళ్ల బాక్సులు వాపస్ వస్తయి. ఈ లైన్‌ల వాపస్ అనే మాటే అపశకునం. ఆయన గూడ ఏం సుఖంగ లేడు. కిందటి సినిమా బాక్సులు మూడో రోజే తిరిగొచ్చినయి. ఈసారి గట్లయితే ఈ ఇల్లు ఉండదని అమ్మగారు లీలాకుమారి వంటామెతోని అన్నదట.

నీ పేరు చెప్తే నమ్ముతడు. చెప్పను.

నేనేం చేస్తున్ననో నీకొక్కదానికే చెప్తున్న. పొద్దున్నే బానెట్ ఎత్తి ఒక వైరు ఊడగొడుతున్న. స్టార్ట్ గాదు. పాత బండి తీస్తున్న. కొన్ని దినాలు గిట్ల ఎల్లదీస్త. మీ వాళ్లు జల్ది పిలిస్తే బాగుండు.

అక్క ఏం తెల్వనట్టే ఉంటది గని, కారు సప్పుడు ఇనవడ్డప్పుడల్ల మిషన్ ఆపుతున్నది.

మామ


బాచనపాళ్యం,
2 ఆగస్టు 2000

మామా,

వైరు సంగతి చదివి వెంటనే రాస్తున్నాను. ఆ పని వద్దు. ఎవరైనా చూస్తే రేపు ఏది జరిగినా నీ మీదికి వస్తుంది. చాబీ వాళ్ల చేతికిచ్చి ఇంటికి పో. అర్ర పోతే పోనీ.

లైన్ మొన్న మొదలుపెట్టారు. కొత్త బోల్టులు వచ్చాయన్నారు. భిక్షం వాళ్లు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి మళ్లీ ఆపారు, కొత్తవాటిలోనూ కొన్ని పాతవి కలిశాయట. ఆగిన కార్లతో యార్డు నిండిపోయింది. కిటికీలోంచి చూస్తే ఎంత దూరం చూసినా కార్ల కప్పులే. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ కదలదు. నేనూ అంతే. అమ్మకు ఒంట్లో బాగాలేదని సెలవు అడిగాను. రఘునందన్ గారు తల ఎత్తకుండా, "హైదరాబాద్‌లో మీకు ఎవరున్నారు? వాళ్ల దగ్గర మన బండి ఉందా?" అని అడిగారు. లేదని చెప్పాను. అబద్ధం. ఆయన ముఖం చూస్తే ఆయనకూ నిద్ర లేనట్టే ఉంది.

సోమవారం పేపర్లో ప్రకటన వస్తుంది. కానీ మామా, ఏప్రిల్ బండ్లను మాత్రమే పిలుస్తున్నారు. మే బండ్లు కూడా కలిపితే కంపెనీ తట్టుకోలేదని తీసేశారు. నేను మీటింగులో లేచి, మేలోనూ అవే బోల్టులు వాడాం అన్నాను. "రుజువు లేదు" అన్నారు. రుజువు కావాలంటే ఒక చక్రం ఊడాలి.

కాబట్టి ప్రకటన కోసం ఎదురు చూడకు. అందులో మీ బండి ఉండదు.

హిమజ


మోతీనగర్,
13 ఆగస్టు 2000

బిడ్డా,

అడ్రస్ చూసి అక్క దగ్గరికి వచ్చేసిన అనుకునేవు. వచ్చిన గని నువ్వు అనుకున్నట్టు గాదు. నీ ఉత్తరం నాకు అందేసరికి అంత అయిపోయింది.

నేను మంచిగనే ఉన్న. మొదలు గది రాస్తున్న. బాబీ బాబు బతికే ఉన్నడు.

వైరు సంగతి సార్ పసిగట్టిండు. షోరూమ్ మెకానిక్‌ను ఇంటికి పిలిపిస్తే ఆయన వైరు పెట్టి, ఇది ఎవరో తీసిందన్నడు. సార్ నన్ను ఏం తిట్టలే. చాబి తీసుకున్నడు, గంతే. "నువ్వు చేస్తావనుకోలేదు నర్సింహా" అన్నడు. తిట్టినా బాగుండు.

మంగళవారం పొద్దున బాబీ బాబు ఫోన్‌ల తండ్రితోని కొట్లాడిండు, డాన్సు క్లాసుకు పోను అని. చాబి తీసుకొని ఉరికొచ్చిండు. నేను గేటుకు అడ్డం నిలబడ్డ.

"బాబూ, ఈ బండి వద్దు. ఆటో తెస్త."

"తప్పుకో నర్సింహా. ఈ ఇంట్లో నేనెక్కడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు అడ్డమే."

"చక్రం బాగ లేదు బాబూ."

"షోరూమ్ వాళ్లు బాగుందన్నారుగా. నీకెవరు చెప్పారు?"

నీ పేరు నాలిక మీదికి వచ్చింది. మింగిన. ఆయన ఇంకింత సేపు చూసిండు, నేను ఏదన్న చెప్తనేమో అని. బండి ఎనుకకు తీసి, పక్క గేటు నుంచి పోయిండు.

దిగుడు మీద ముందు ఎడమ చక్రం ఊడింది. బండి రాతిగోడకు కొట్టుకున్నది. బాబుకు తొడ ఎముక రెండు తాన్ల ఇరిగింది. దవఖానకు తీసుకపోయింది నేనే, నా చొక్క నిండ ఆయన నెత్తురే. గాడ లీలాకుమారి అమ్మగారు నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. సాయంత్రం పోలీసోళ్లు వచ్చి గదే చెయ్యి పట్టుకొని తీసుకపోయిన్రు.

వైరు తీసింది నేను. బండి బాగ లేదని ముందే చెప్పింది నేను. నట్లు బిగిచ్చి ఇచ్చినమని షోరూమోళ్లు రాసిచ్చిన్రు. పేపర్ల వచ్చిన నంబర్లల్ల ఈ బండి లేదు. ఇగ నట్లు ఇప్పింది ఎవరు? డ్రైవరే గదా. ఇన్‌స్పెక్టర్ ఒక్కటే అడుగుతున్నడు, "నీకు ముందే ఎట్ల తెలిసింది?" అని. నేను డ్రైవర్లు అనుకున్నరు అంటున్న. ఏ డ్రైవర్, పేరు చెప్పు అంటడు. రాత్రి ఇంటికి పంపుతున్నరు, పొద్దున మల్ల రమ్మంటున్నరు. బెంచీ మీద కూసోబెడుతరు. సంతకం పెట్టి రావాలె.

నువ్వు రాకు. ఏం రాయకు. నీ నౌకరి నీ చేతుల ఉండనీ. నేను గీ బెంచీ మీద ఎన్ని దినాలైన కూసుంట.

నర్సింహ


బాచనపాళ్యం,
4 సెప్టెంబరు 2000

మామా,

పోలీస్ స్టేషన్ నుంచి బయటికి వచ్చి, మెట్లు దిగి, ఆటో ఎక్కి, మోతీనగర్ వచ్చేదాకా నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండు రోజులు ఇంట్లో ఉన్నాను. అన్నం పెడుతుంటే కంచం వైపు చూశావు. రైలు ఎక్కించేటప్పుడు పెట్టె పైన పెట్టి దిగిపోయావు. వద్దన్నా వచ్చానని కోపమా? లేక నా పేరు మింగానని రాశావే, ఆ రోజు ఆ పేరు చెప్పి ఉంటే బాబీ ఆగేవాడని కోపమా? నేనే కదా చెప్పొద్దన్నది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి అదే తిరుగుతోంది.

నేను ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పింది ఇంతే: ఈ మనిషికి చెప్పింది నేను, నాకు తెలిసింది ఫ్యాక్టరీలో, ఆ విరిగిన బోల్టులు పరీక్షకు పంపండి, ఎవరో విప్పితే మొనలు అలా తెగవు. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నువ్వు బెంచీ మీదే ఉన్నావు. అది మరిచిపోలేను.

ఇక్కడి సంగతి. సెలవు లేకుండా వెళ్లినందుకు, బయట నోరు విప్పినందుకు నన్ను సస్పెండ్ చేశారు. రాజీనామా ఇస్తే తీసుకోలేదు. విచారణ అయ్యేదాకా రోజూ గేటు దగ్గరికి వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే పారిపోయినట్టు రాస్తారట. సర్టిఫికెట్లు ఇవ్వరు. హాస్టల్ ఖాళీ చేయించారు. ఊళ్లో ఒక టైలర్ ఇంటి వెనక గది తీసుకున్నాను. మిషన్ చప్పుడు వింటూ పడుకుంటే అమ్మ దగ్గర ఉన్నట్టుంటుంది. రాత్రి కళ్లు తెరిస్తే మాత్రం కాదు.

పోలీసులు కంపెనీకి కాగితం పంపారు. ఆ తర్వాత మే బండ్లను కూడా పిలిచారు. నువ్వు పేపర్లో చూసే ఉంటావు. అంటే నేను గెలిచినట్టే కదా? విను. అన్ని బండ్లకు కొత్త బోల్టులు కావాలి కాబట్టి వచ్చినవన్నీ అటే పంపేస్తున్నారు. ఇక్కడ లైన్ మూడోసారి ఆగింది. ఈసారి ఎప్పుడు మొదలవుతుందో తేదీ లేదు. కాంట్రాక్టు వాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు.

నిన్న సంతకం పెట్టి వస్తుంటే గేటు ముందు టీ కొట్టు దగ్గర భిక్షం కనిపించాడు. పెట్టె సర్దుకుని, భార్యతో బస్సు కోసం నిలబడ్డాడు. నేనే పలకరించాను. అతను కోపంగా అనలేదు మామా, మామూలుగానే అన్నాడు. "మీకు మీ మామ ఉన్నడు మేడం, ఆయన కోసం చేసిన్రు. మా కోసం ఎవరు చేస్తరు?"

బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. జవాబు నీకు తెలిస్తే రాయి.

హిమజ


మోతీనగర్,
18 సెప్టెంబరు 2000

బిడ్డా హిమజా,

నాకు గూడ తెల్వదు. రెండు దినాలు ఆలోచన చేసిన. భిక్షం అన్నది నిజమే, నువ్వు చేసింది గూడ నిజమే. రెండు కలవయి. అక్కకు ఆ ముక్క సదివి ఇనిపియ్యలే.

నాకు కోపం అని ఎట్ల అనుకున్నవ్? ఠాణ నుంచి బయటికి వచ్చినంక నోరు తెరిస్తే ఏడుస్తనని తెరవలే. నడి సడక్ మీద, గంత మంది ముంగట, గీ వయసుల. ఇంటికొచ్చినంక గూడ గదే. నీ ముఖం చూస్తే అయిపోతదని కంచం చూసిన. రైలు కదిలినంక ఏడ్చిన. నీకు తెల్వది, నువ్వు అటు దిక్కు తిరిగి ఉన్నవ్.

నా కేసు పోయింది. బోల్టుల పరీక్ష కాగితం ఇంక రాలే గని, బాబీ బాబు మంచం మీది నుంచే పోలీసోళ్లకు చెప్పిండు: నర్సింహ గేటుకు అడ్డం నిలబడ్డడు, నేనే ఇనలే అని. చూడనీకి పోయిన. కాలుల రాడ్ ఏసిన్రు. "నాన్నగారు ఇక డాన్సు నేర్చుకోమనరు నర్సింహా" అని నవ్విండు. నవ్వుకుంటనే అటు తిరిగిండు. నేను చాబి గురించి ఏం ఎత్తలే, ఆయన నీ పేరు గురించి అడగలే. నీ పేరు మింగినందుకు నేను ఎవరి మీద కోపం పెట్టుకోవాలె బిడ్డా? నీ మీదనైతే గాదు.

సార్‌కు మీ కంపెనీ వేరే బండి ఇచ్చింది, ఇగ ఏం మాట్లాడొద్దని. తీసుకున్నడు. సినిమా ఆడలే, ఇల్లు బేరానికి పెట్టిండని అంటున్నరు. నన్ను మల్ల రమ్మని కబురు చేసిండు. ఆ దిగుడు మీద నా చేతులు స్టీరింగ్ పట్టవు అని చెప్పి పంపిన. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌ల స్టూడియో వ్యాన్ నడుపుతున్న. పండుడు తలుపు కాడనే. అక్క మిషన్ జర పక్కకు జరిపింది.

సంతకం పెట్టాల్నా, ఇడ్సిపెట్టి రావాల్నా, అది నేను చెప్పేటోణ్ణి గాదు. ఆ కాగితాలు నువ్వు సదివి సంపాయించినయి. వాటిని ఇడ్సిపెట్టు అనలేను. గాడ్నే ఒక్కదానివి ఉండు అని గూడ అనలేను. వచ్చే నెల రెండు దినాలు సెలవు అడిగిన. అక్కను తీసుకొని వస్త. గేటు కాడికి ముగ్గురం పోదాం.

ఇయ్యాల జరిగింది రాసి బంద్ చేస్త. వ్యాన్ తీసుకొని పోతుంటే మీ కంపెనీ షోరూమ్ ముంగట సడక్ పొడుగూత బండ్లు కనవడ్డయి. అన్ని మే నెలవే గావచ్చు. డ్రైవర్లంత బయట నిలబడి ఉన్నరు. నేను గూడ వ్యాన్ పక్కకు పెట్టి దిగిన. లోపల జాకీ ఎక్కిచ్చి చక్రాలు ఇప్పుతున్నరు. పాత బోల్టులు రేకు డబ్బల ఏస్తుంటే ఒక్కొక్కటి టంగుమంటున్నది.

ఒకాయన శాన గరం మీద ఉన్నడు. ఎనక సీట్ల వాళ్ల సార్ పిల్లలు ఇద్దరు, బడి బట్టల మీదనే ఉన్నరు. "ఎవరు పెట్టిన్రో గీ లొల్లి. మంచిగ నడిచే బండిని పట్టుకొచ్చి గీడ నిలబెట్టుడేంది? పొద్దటి సంది తిండి లేదు. గీ పని చేసినోళ్ల చేతులు ఇరగ" అని తిట్టిండు. చాయ్ తెచ్చి ఇచ్చిన. తాగుకుంట గూడ తిట్టిండు. ఆయన వంతు వచ్చింది. నాలుగు చక్రాలు చేసి ఇచ్చిన్రు. పిల్లలను ఎక్కిచ్చుకొని పోయిండు. ఎనక అద్దంల నుంచి చిన్నది నాకు చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగేదాంక చూసిన.

నేను స్టూడియోకు పోయేసరికి ఆలస్యమైందని మేనేజర్ నలుగురి ముంగట కడిగి పెట్టిండు. గాడ నువ్వు, గీడ నేను, ఇయ్యాల ఇద్దరం మంచిగ తిట్లు తిన్నం బిడ్డా.

నీ మామ